ఎనిమిదో వంతు పైపర్ కబ్ కట్టడం, ఎగరేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఉన్నదంతా ఒకే విమానం గురించి. పైపర్ జె-3 కబ్‌ని 1:8 కొలతలో, బాల్సా అనే తేలికైన చెక్కతో, బ్యాటరీ మోటారుతో కట్టి రేడియోతో ఎగరేయడం. వేరే విమానం కట్టేవాళ్ళు లెక్క వేసే పద్ధతి తీసుకుని, అంకెలు మార్చుకోండి.

స్కేల్ మోడల్‌కీ మామూలు ఆర్‌సీ (రేడియోతో నడిపే) విమానానికీ తేడా ఏంటి?

మామూలు మోడల్ ఎగిరితే చాలు. స్కేల్ మోడల్ ఫలానా అసలు విమానంలా కనిపించాలి, దానిలాగే ఎగరాలి కూడా. చూపు వరకే పట్టించుకుని ఎగరడం సంగతి మరిచిపోయినవాళ్ళ చేతుల్లో కబ్ జెట్‌లా దూసుకుపోతుంటుంది. ఫొటోలో కబ్బే, గాల్లో మాత్రం కాదు.

ఎఫ్‌ఏఐ (అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య) పోటీల్లో దీనికి ఎఫ్4సీ అనే విభాగం ఉంది. మోడల్‌ని నేల మీద పెట్టి అసలు విమానం ఫొటోలతో పోల్చి మార్కులు వేస్తారు, తర్వాత ఎగరడానికి వేరే మార్కులు. అందులో పాల్గొనేవాళ్ళు తమ మోడల్ తామే కట్టి ఉండాలి. ఎఫ్4హెచ్ అనే ఇంకో విభాగంలో ఆ షరతు లేదు.

మొదటి స్కేల్ మోడల్‌గా తేజసో మిగ్-21నో కట్టకూడదా?

వద్దు. డెల్టా రెక్కల జెట్ నెమ్మదిస్తే ముక్కెత్తి దిగబడుతుంది, వేగంగా వెళ్తే మీ చెయ్యి అందుకోలేదు. కబ్ రెక్క పొడవైనది, పైన ఉంటుంది, అంచులు సమాంతరం. నిదానంగా వెళ్ళేటప్పుడు కూడా చెప్పిన మాట వింటుంది. 1930ల చివర్లో పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్‌లో తయారైన ఈ విమానం మీదే అమెరికాలో ఎంతోమంది పైలట్లు శిక్షణ పొందారు. బొమ్మకీ ఆ గుణం వచ్చింది.

అలాగని కబ్ పూర్తిగా సాధువేమీ కాదు. తోక చక్రం విమానం కాబట్టి నేల మీద పేచీ పెడుతుంది. రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే, తోక మీది నిలువు పలక) వాడనివాళ్ళని గాల్లో ఏడిపిస్తుంది. ఆ రెండూ కింద వివరంగా ఉన్నాయి.

1:8 కొలతే ఎందుకు?

అసలు కబ్ రెక్కల పొడవు 10.74 మీటర్లు, మొత్తం పొడవు 6.83 మీటర్లు, రెక్క వెడల్పు సుమారు 1.6 మీటర్లు. ఎనిమిదితో భాగిస్తే రెక్క 1,342 మి.మీ., పొడవు 854 మి.మీ., రెక్క వెడల్పు 200 మి.మీ. వస్తాయి. రెక్కలు విడదీస్తే ఆటో వెనక సీట్లో పడుతుంది. చౌకగా దొరికే 3ఎస్ (మూడు సెల్‌ల) బ్యాటరీ, చిన్న సర్వోలు (రెక్క, తోక పలకలని కదిపే బుల్లి మోటార్లు) సరిపోతాయి. 1:12కి దిగితే గాలి కొంచెం వీచినా కాగితంలా కొట్టుకుంటుంది. 1:4కి పోతే ఖర్చూ ప్రమాదమూ రెండూ పెద్దవే.

మొత్తం బరువు ఎంత ఉండాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

పొడవు ఎనిమిదో వంతైతే రెక్క వైశాల్యం 64వ వంతు అవుతుంది, బరువు 512వ వంతు కావాలి. అసలు కబ్ నిండు బరువు సుమారు 550 కిలోలు. 512తో భాగిస్తే 1,070 గ్రాములు. మీ బొమ్మ కబ్‌లా ఎగరాలంటే ఉండాల్సిన బరువు అదే. వేగాన్ని మాత్రం ఎనిమిదితో కాదు, ఎనిమిది వర్గమూలంతో, అంటే 2.83తో భాగించాలి. అసలు కబ్ గంటకి 120 కిలోమీటర్ల వేగంతో సాగిపోతుంది, మోడల్ 42తో వెళ్తే కంటికి సరిగ్గా కబ్‌లా ఉంటుంది.

స్టాల్ (వేగం చాలక రెక్క లేపే బలం పోగొట్టుకోవడం) దగ్గర లెక్క కాస్త తప్పుతుంది. అసలు కబ్ స్టాల్ వేగం 61. 2.83తో భాగిస్తే 22 రావాలి, కానీ చిన్న రెక్క మీద గాలి అంత బాగా అతుక్కుని పారదు. 1,070 గ్రాముల మోడల్ నిజానికి 26–28 దగ్గరే స్టాల్ అవుతుంది. 1,400 గ్రాములైతే ఆ అంకె 30 దాటుతుంది, దిగేటప్పుడు పరుగు పెడుతుంది. బరువు పెరిగే కొద్దీ స్టాల్ వేగానికీ ఎగిరే వేగానికీ మధ్య వెసులుబాటు తగ్గిపోతుంది. చాలా ప్రమాదాలు ఆ సందులోనే పుడతాయంటే అతిశయోక్తి అనుకోవద్దు.

1,070 గ్రాములని ఇలా పంచుకోండి: రెక్కలు, స్ట్రట్‌లతో (రెక్కని ఒంటికి ఆనించే ఏటవాలు కడ్డీలు) కలిపి 260. ఒళ్ళు, కౌలింగ్ (ముక్కు మీద ఇంజను తొడుగు) 210. తోక 35. చక్రాలు, తీగ 90. పై కవరింగ్ 65. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్), ప్రొపెల్లర్, మౌంటు 135. బ్యాటరీ 180. నాలుగు సర్వోలు, రిసీవర్, తీగలు, పుష్‌రాడ్‌లు (సర్వోనుంచి పలకకి వెళ్ళే కడ్డీలు) 95. కూడి చూడండి, సరిగ్గా సరిపోతుంది. ఇందులో తూకం కోసం ముక్కులో పెట్టే సీసానికి చోటు లేదని గమనించండి. ఒక్కో భాగం అవగానే కంసాలి త్రాసు మీదో వంటింటి డిజిటల్ కాటా మీదో తూచి గోడ మీద రాసి పెట్టుకోండి. అన్నీ అయ్యాక తూచితే తెలిసేది పశ్చాత్తాపం మాత్రమే.

ప్లాన్ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? ప్రింటు తీస్తే కొలతలు మారుతున్నాయి.

కబ్‌కి మూడు వైపుల నుంచి గీసిన డ్రాయింగులు విరివిగా దొరుకుతాయి. జిరాక్స్ షాపులో పెద్దది చేయించేటప్పుడు పొడవు, అడ్డం ఒకే శాతంలో పెరగవు. ప్రింటు రాగానే రెక్క పొడవు, ఒంటి పొడవు రెండూ టేపుతో కొలవండి. 1,342, 854 రావాలి. రెండిట్లో ఒకటే సరిపోయిందంటే మెషీను కాగితాన్ని లాగింది, ఇంకో షాపుకి వెళ్ళండి. కాగితం తేమకి కూడా సాగుతుంది, వానాకాలంలో ఒక మీటరుకి 2–3 మి.మీ. తేడా మామూలే. కుడి, ఎడమ రెక్కలు రెండూ ఒకే ప్రింటు మీద, దాన్ని నూనె రాసి తిరగేసి కట్టుకుంటే కనీసం రెండూ ఒకేలా ఉంటాయి.

బాల్సా కొనేటప్పుడు ఏం చూడాలి?

కాటా తీసుకెళ్ళండి. 3 మి.మీ. మందం, 10 సెం.మీ. వెడల్పు, 1 మీటరు పొడవున్న షీటు 30 గ్రాములూ ఉంటుంది, అదే వరసలో పక్కన 60 గ్రాములదీ ఉంటుంది. ధర ఒకటే, చూడ్డానికీ ఒకేలా ఉంటాయి. తేలికవి తోకకీ రిబ్బులకీ (రెక్కకి ఆకారమిచ్చే అడ్డ ముక్కలు), బరువైనవి స్పార్‌లకీ (రెక్క పొడవునా వెళ్ళే దూలాలు) వాడాలి. ఏది దొరికితే అది తోకకి కోసేసి తర్వాత ముక్కులో సీసం పోసుకోవడం కొత్తవాళ్ళ ఆనవాయితీ.

బాల్సా దొరకడం లేదు. థర్మాకోల్, సన్‌ప్యాక్ (బోర్డులకి వాడే గొట్టాల ప్లాస్టిక్) షీటుతో చేయవచ్చా?

చేయవచ్చు. 5 మి.మీ. బయోఫోమ్ (థర్మాకోల్ లాంటి ఫోమ్) షీటుతో కబ్ రెండు వారాంతాల్లో అయిపోతుంది, ఎగరడం నేర్చుకోవడానికి అదే మేలు. సన్‌ప్యాక్ షీటు గట్టిది గానీ బరువు, ఒంటికి పర్వాలేదు, తోకకి పనికిరాదు. ఫోమ్ మీద అసలు కబ్ గుడ్డ కవరింగ్ కింద రిబ్బులు పైకి తేలినట్టు కనిపించే అందం రాదు. ఆ అందం కోసమే కదా స్కేల్ అంటున్నాం.

ఏ జిగురు ఎక్కడ వాడాలి?

బాల్సాకి తెల్ల ఫెవికాల్ చాలు, పిన్నులు గుచ్చి రాత్రంతా వదిలేయాలి. కోస్తాలో ఆగస్టు నెలలో రాత్రి చాలదు, ఒక రోజు పూర్తిగా ఇవ్వండి. పొడి జిగురు పారదర్శకం అవుతుంది, ఇంకా తెల్లగా ఉంటే ముట్టుకోవద్దు. సిరంజితో వేస్తే నాలుగో వంతు జిగురే పడుతుంది, బరువు మిగులుతుంది. ఫెవిక్విక్ లాంటివి చిన్న అతుకులకి బాగుంటాయి, కానీ థర్మాకోల్‌ని తినేస్తాయి. మోటారు బిగించే ఫైర్‌వాల్‌కీ, చక్రాల తీగ కూర్చునే ప్లై చెక్కకీ అరాల్డైట్ తప్ప వేరే ఏదీ వద్దు. ఆ రెండూ ఊడితే మిగతావి బాగుండి లాభం లేదు.

రెక్క కట్టే క్రమం చెప్పండి.

కబ్ అసలు రెక్కలో వాడిన అడ్డుకోత ఆకారం యూఎస్‌ఏ-35బి. మోడల్‌కి చాలామంది క్లార్క్-వై వాడతారు, కింది భాగం చదునుగా ఉంటుంది కాబట్టి బల్ల మీద పరిచి కట్టవచ్చు. మందం 23 మి.మీ. వస్తుంది.

ఒక్కో రెక్కకి, ఒంటి సగం వెడల్పు తీసేస్తే, 620 మి.మీ. పొడవు. 55 మి.మీ.కి ఒకటి చొప్పున 12 రిబ్బులు, 2 మి.మీ. బాల్సాతో. అన్నిటినీ ఒక్కసారే కట్టగా పిన్ను గుచ్చి గరుకు కాగితంతో రుద్దితే ఒకే ఆకారం వస్తుంది. ఒక్కోటి విడిగా కోస్తే పన్నెండు రకాల రిబ్బులు వస్తాయి.

బల్ల నిజంగా చదునుగా ఉందో లేదో ముందు చూడండి. మెరుగైన గ్రానైట్ ముక్కో, బాత్రూం తలుపు ఫ్లష్ డోరో బాగుంటుంది. దాని మీద ప్లాన్, ప్లాన్ మీద జిగురు అంటని పాలిథిన్. కింది స్పార్ (5×5 మి.మీ. గట్టి బాల్సా లేక స్ప్రూస్) పిన్ను చేసి, రిబ్బులు నిలబెట్టి, పై స్పార్ వేసి, తర్వాత ముందు అంచు, వెనక అంచు. రెండు స్పార్‌ల మధ్య 1.5 మి.మీ. బాల్సా ముక్కలు, వాటి నార నిలువుగా ఉండాలి. అడ్డంగా పెడితే స్పార్ వంగినప్పుడు నార వెంబడి చీలిపోతుంది. ఒంటి దగ్గరనుంచి రెక్క సగం వరకూ ఇవి తప్పనిసరి.

పిన్నులు తీసేముందు ఒక చిన్న పని. చివరి మూడో వంతులో వెనక అంచు కింద పుల్లలు దూర్చి, చివరి రిబ్బు దగ్గర 6–7 మి.మీ. ఎత్తండి. వెనక అంచు పైకి లేస్తే చివర గాలిని తక్కువ కోణంలో కలుస్తుంది, సుమారు 2 డిగ్రీల వాషవుట్. దీని వల్ల రెక్క మధ్య భాగం ముందు స్టాల్ అవుతుంది, చివరలు ఆలస్యంగా. ఇది మరిచిపోతే దిగేటప్పుడు ఒక రెక్క అకస్మాత్తుగా పడిపోతుంది, బాగుచేసే ఎత్తు ఉండదు.

రెక్కలు కలిపేటప్పుడు 8 మి.మీ. కార్బన్ గొట్టం రెండు వైపులా 150 మి.మీ. లోపలికి పోవాలి. కోణం చాలా తక్కువ, ఒక్కో చివర 15–20 మి.మీ. పైకి ఉంటే చాలు. ఎక్కువ లేపితే కబ్ పిట్టలా కనిపిస్తుంది.

ఎండిన రెక్క మెలి తిరిగింది. పారేయాలా?

అవసరం లేదు. ఎండు బాల్సా గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఒక పక్క ఎక్కువ పీలిస్తే తిరుగుతుంది. మెలిని వ్యతిరేక దిశలో కొంచెం ఎక్కువే తిప్పి పట్టుకుని, మరుగుతున్న కెటిల్ ఆవిరి ఒక నిమిషం చూపించి, చల్లారే వరకూ అలాగే పట్టుకోండి. ఫిల్మ్ కవరింగ్ వేశాక వచ్చిన మెలి అయితే అదే పద్ధతిలో తిప్పి పట్టుకుని హీట్ గన్‌తో వేడి చేస్తే సర్దుకుంటుంది. రెండు రెక్కలకీ వాషవుట్ సమానంగా ఉందో లేదో వెనకనుంచి ఒక కన్ను మూసి చూసి సరిచూడండి. అసమానం అయితే ట్రిమ్‌తో (రేడియోలో చేసే చిన్న సర్దుబాటు) ఒక వేగానికే కవర్ అవుతుంది, వేగం మారగానే మళ్ళీ వాలుతుంది.

ఏ మోటారు?

2836 సైజు, 900–1000 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషంలో తిరిగే చుట్లు), 70–75 గ్రాముల బ్రష్‌లెస్ మోటారు. 3ఎస్ 2200 ఎంఏహెచ్ బ్యాటరీ, 10×5 అంగుళాల ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ. ఇది సుమారు 200 వాట్లు ఇస్తుంది, కబ్‌కి అంతకంటే ఎక్కువ అవసరం లేదు. అసలు కబ్‌కి ఉన్నది 65 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను, అది కూడా బద్ధకంగానే పైకి లేస్తుంది. డబ్బా మీద రాసిన ఆంపియర్లు నమ్మకుండా వాట్‌మీటర్ పెట్టి కొలవండి. నేల మీద నిండు థ్రాటిల్‌లో (పూర్తి పవర్) 20 ఆంపియర్లు దాటితే ప్రొపెల్లర్ ఒక సైజు తగ్గించండి.

అసలు కబ్ ప్రొపెల్లర్ సుమారు 72 అంగుళాలు, ఎనిమిదో వంతు 9. నేల మీద ప్రదర్శనకి 9 అంగుళాల చెక్క ప్రొపెల్లర్ చేసుకుని, ఎగరేటప్పుడు 10 వేసుకునేవాళ్ళు చాలామంది.

మోటారుని ముక్కు వైపు 2–3 డిగ్రీలు కుడికీ, 2–3 డిగ్రీలు కిందికీ వంచి బిగించాలి. లేకపోతే థ్రాటిల్ ఇచ్చిన ప్రతిసారీ ఎడమకి తిరిగి ముక్కెత్తుతుంది. కౌలింగ్‌లోకి గాలి వచ్చే దారి కంటే వెళ్ళే దారి రెండింతలు ఉండాలి, లేకుంటే మే నెలలో ఈఎస్‌సీ వేడెక్కి గాల్లోనే పవర్ తగ్గించేస్తుంది.

సర్వోలు, రేడియో?

9 గ్రాముల సర్వోలు నాలుగు. ప్లాస్టిక్ గేర్లవి కొత్తలోనే కదులుతూ ఉంటాయి, ఎలివేటర్‌కైనా (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) మెటల్ గేర్ది వేయండి. పుష్‌రాడ్‌కి సైకిల్ చువ్వ బాగుంటుంది, దొరకడమూ తేలిక, మర ఉచితం. సర్వో వైపు లోపలి రంధ్రం, హార్న్ (పలకకి బిగించే చిన్న చెయ్యి) వైపు బయటి రంధ్రం వాడండి. కదలిక తక్కువ, పట్టు ఎక్కువ.

ఐలరాన్ (విమానాన్ని పక్కకి వాల్చే, రెక్క వెనక అంచు పలక) పైకి 14 మి.మీ., కిందికి 7 మాత్రమే. ఎలివేటర్ అటూ ఇటూ 12. రడ్డర్ 28. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కదలికని తగ్గించే అమరిక) 30 శాతం పెట్టుకోండి, కొన్ని రేడియోల్లో అది ప్లస్, కొన్నింట్లో మైనస్. స్టిక్‌ని మధ్యలో కొంచెం కదిపి చూసి, కదలిక తగ్గిందో పెరిగిందో కళ్ళారా చూడండి.

ఫెయిల్‌సేఫ్‌ని (సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేయాలన్న అమరిక) థ్రాటిల్ సున్నా మీద పెట్టి, ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆపేసి పరీక్షించండి.

సీజీ (బరువు కేంద్రం) ఎక్కడ ఉండాలి? ముక్కులో సీసం వేయక తప్పదంటున్నారు.

మొదటి రోజు ముందు అంచునుంచి 50–55 మి.మీ. వెనక. అలవాటయ్యాక 60 దాకా జరపవచ్చు, అంతకంటే వెనక్కి వద్దు. బ్యాటరీ లోపల పెట్టి, అన్నీ బిగించి, విమానాన్ని మామూలుగానే, రెక్క కింద రెండు చూపుడు వేళ్ళ మీద నిలబెట్టి చూడండి. కబ్ రెక్క పైన ఉంటుంది, తలకిందులుగా పట్టుకుంటే బరువు వేళ్ళ పైకి వచ్చి నిలవకుండా ఒరిగి మోసం చేస్తుంది. ముక్కు కొంచెం కిందికి వాలితే మంచిది.

కబ్ ముక్కు పొట్టి. సీజీనుంచి తోక దూరం, ముక్కు దూరానికి దాదాపు మూడింతలు. కాబట్టి తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు వేయాలి. తోక మీద పది గ్రాముల పెయింటు పూశారనుకోండి, మోడల్ నలభై గ్రాములు బరువెక్కినట్టే. ఎలివేటర్, రడ్డర్ సర్వోలని తోకలో కాక క్యాబిన్‌లో పెట్టడం, బ్యాటరీని ఫైర్‌వాల్‌కి ఆనించడం, తోకని 4 మి.మీ. పుల్లలతో చట్రంలా కట్టడం, ఇవన్నీ చేస్తే సీసం అవసరం రాదు. కౌలింగ్ పై భాగాన్ని చిన్న అయస్కాంతాలతో తీసేలా చేస్తే బ్యాటరీ తేలికగా వెళ్తుంది.

సీజీ వెనక్కి ఉంటే ఎలా తెలుస్తుంది? ఎలివేటర్ ముట్టుకోగానే గాల్లో గెంతులేస్తుంది, ఒకసారి ముక్కు పైకి, ఒకసారి కిందికి. ముందుకి ఉంటే దిగేటప్పుడు ఎంత లాగినా ముక్కు లేవదు. పూర్వం ఆర్‌సీ వాళ్ళ మాట ఒకటుంది: ముక్కు బరువున్నది చెడుగా ఎగురుతుంది, తోక బరువున్నది ఒక్కసారే ఎగురుతుంది.

కవరింగ్, రంగు?

ఓరాకవర్ లాంటి ఫిల్మ్ అయితే 100–110 డిగ్రీల దగ్గర అంచులు అతికించి, 140–150 దగ్గర ముడుచుకునేలా చేయాలి. రెక్క కింది వైపు ముందు, పై వైపు తర్వాత. అంచుల అతుకు కిందికి రావాలి. ఒక వైపు మొత్తం ఇస్త్రీ చేసి వెంటనే రెండో వైపు మొదలు పెడితే రెక్క వంగుతుంది. కొంచెం అటు, కొంచెం ఇటు.

కబ్ పసుపు నిమ్మకాయ పసుపు కాదు, పండిన మామిడి ఛాయలో ఉంటుంది. ఒంటి పక్కన నల్ల మెరుపు గీత. సైన్యానికి వెళ్ళిన ఎల్-4 అయితే ఆలివ్ పచ్చ, వెనక ఎక్కువ కిటికీలు. ఆ రెండూ కలిపి పసుపు రంగు, సైన్యం కిటికీలు వేసిన కబ్ ఏదో ఒక మోడల్ షోలో కనిపిస్తూనే ఉంటుంది.

చూడగానే కబ్ అనిపించాలంటే ఏవి తప్పకూడదు?

కౌలింగ్ రెండు పక్కలా బయటికి వచ్చిన సిలిండర్లు. కుడి వైపు తలుపు, పైకీ కిందికీ రెండుగా తెరుచుకుంటుంది. ఎడమ వైపు తలుపు ఉండదు. ముక్కు మీద, అద్దం ముందు పెట్రోలు మూతలోంచి బయటికి వచ్చిన సన్నటి తీగ. దాని కింద ట్యాంకులో బెండు తేలుతుంటుంది. ఇంధనం తగ్గే కొద్దీ తీగ కిందికి దిగుతుంది. అసలు విమానంలో ఫ్యూయల్ గేజి అంటే అదే. మోడల్‌లో ఒక అర మిల్లీమీటరు తీగ ముక్క చాలు, కబ్ తెలిసినవాడు మొదట అదే చూస్తాడు.

ఒక్క పైలట్ బొమ్మ పెడితే వెనక సీట్లో పెట్టండి. కబ్‌ని ఒంటరిగా ఎగరేసేవాడు వెనక సీట్లోనే కూర్చుంటాడు, బరువు సీజీకి సరిపోవడానికి. ముందు సీట్లో పైలట్, వెనక ఖాళీ అంటే ఆ మోడల్ కట్టినవాడు కబ్ గురించి చదవలేదన్నమాట.

రివెట్లు ఎక్కడపడితే అక్కడ చుక్కలు పెట్టకండి. కబ్ ఒళ్ళంతా గుడ్డ. గుడ్డని రిబ్బులకి దారంతో కుడతారు, దాని మీద టేపు అంటిస్తారు. 3 మి.మీ. వెడల్పు ఫిల్మ్ పట్టీ ప్రతి రిబ్బు మీదా వేసి, దాని కింద 6–9 మి.మీ.కి ఒకటి చొప్పున సూది మొనంత తెల్ల జిగురు చుక్క పెడితే కుట్లు పడ్డట్టే ఉంటుంది. రెండు రెక్కలకీ పట్టే సమయం ఒక సాయంత్రం, పెరిగే బరువు నాలుగైదు గ్రాములు.

చక్రాలు 55–60 మి.మీ., ఉబ్బినవి. సన్నటి చక్రాలు వేస్తే మొత్తం ముఖమే మారిపోతుంది.

ఎక్కడ ఎగరేయాలి? అనుమతి కావాలా?

మన దేశంలో 2021 ఆగస్టు 25న నోటిఫై అయిన డ్రోన్ రూల్స్ ఆర్‌సీ విమానాలకీ వర్తిస్తాయి. 25 కిలోలు మించకుండా, చదువుకో, పరిశోధనకో, వినోదానికో, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసేవాటిని వాటిలో మోడల్ ఆర్‌పీఏఎస్‌గా (దూరంనుంచి నడిపే నమూనా విమానం) నిర్వచించారు. వాటికి టైప్ సర్టిఫికెట్ (ఆ రకం విమానానికి ప్రభుత్వ ధ్రువీకరణ) అక్కర్లేదు. అంతమాత్రాన మిగతావేవీ అక్కర్లేదని కాదు. రిజిస్ట్రేషన్ సంగతి డీజీసీఏ (పౌర విమానయాన డైరెక్టరేట్) వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఎగరేసే రోజు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్‌లో మ్యాప్ తెరవండి. గ్రీన్ జోన్‌లో (మ్యాప్‌లో పచ్చగా చూపే చోటు) 400 అడుగుల వరకే. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీనుంచి 8–12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే.

హైదరాబాదులో ఇది చిక్కు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, నాలుగు దిక్కులా ఎయిర్‌ఫీల్డులే. విశాఖలో నేవీ, విజయవాడలో గన్నవరం. నగరంలో ఖాళీ స్థలం కనిపించగానే బయటికి తీయకుండా మ్యాప్ చూడండి. స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పి ఉంచడం మంచిది. 

స్థలం సంగతికొస్తే, వేసవిలో ఎండిన చెరువు అడుగు కంటే మంచి రన్‌వే దొరకదు. వరి కోసిన మడి చూడ్డానికి బాగుంటుంది గానీ మొదళ్ళు చక్రాలు పట్టేస్తాయి. సంక్రాంతి రోజుల్లో మాంజా దారం గాల్లో కనపడదు, ఆ వారం ఆగండి. కరెంటు తీగలకీ, మేకల మందకీ దూరం. ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య గాలి నిలకడగా ఉంటుంది. పదయ్యాక నేల వేడెక్కి సుడిగాలులు లేస్తాయి.

ఎండకి గాలి పలచబడుతుంది. హైదరాబాదు ఎత్తులో 40 డిగ్రీల రోజు గాలి సాంద్రత సముద్ర మట్టం ప్రామాణిక విలువ కంటే సుమారు 14 శాతం తక్కువ. స్టాల్ వేగం దాదాపు 8 శాతం పెరుగుతుంది. మధ్యాహ్నం కబ్ "ఎందుకో ఈరోజు బరువుగా ఉంది" అనిపించడానికి కారణం అదే.

సిమ్యులేటర్ అవసరమా?

అవును. విమానం మీవైపు వచ్చేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ గందరగోళాన్ని కంప్యూటర్ మీద పది గంటలు పడండి, అక్కడ కూలితే ఖర్చు లేదు.

మొదటి ఎగురుడు రోజు ఏం చూసుకోవాలి?

ఐలరాన్ దిశ. కుడికి స్టిక్ తోస్తే కుడి రెక్క ఐలరాన్ పైకి లేవాలి. విమానం వెనక నిలబడి, నోటితో పైకి చెప్పి మరీ చూడండి. ఉల్టా ఐలరాన్లతో లేచిన విమానం నిండుగా ఐదు సెకన్లు ఎగరదు. ప్రొపెల్లర్ మీద అంకెలు ముందుకి, గాలి ఎదురొచ్చే వైపుకి ఉండాలి. వెనక్కి వేసినా తోస్తుంది, కానీ సగం బలమే, లేవడానికి మాత్రం సరిపోయేంత, అదే ప్రమాదం. రేంజ్ చెక్ మోడ్‌లో (సిగ్నల్ బలం తగ్గించి పరీక్షించే మోడ్) 30 మీటర్లు నడిచి వెళ్ళి కంట్రోళ్ళు వణకకుండా ఉన్నాయో చూడండి. స్ట్రట్ పిన్నులు. బ్యాటరీ పట్టీ.

లేచాక 30 మీటర్ల ఎత్తుకి వెళ్ళి ట్రిమ్ చేసుకోండి. తర్వాత ఇంకాస్త పైకి వెళ్ళి, థ్రాటిల్ తగ్గించి, నెమ్మదిగా ఎలివేటర్ లాగి ఎక్కడ స్టాల్ అవుతుందో, ఏ రెక్క పడుతుందో చూడండి. దిగేముందు తెలిసి ఉండాల్సిన విషయం అది. టైమర్ తొమ్మిది నిమిషాలకి పెట్టుకోండి.

పరుగు మొదలెట్టగానే ఎడమకి లాగేస్తోంది.

ప్రొపెల్లర్ తిప్పిన గాలి తోకని పక్కకి తోస్తుంది. తోక ఇంకా కింద ఉన్నప్పుడు కుడి వైపు బ్లేడు ఎక్కువ లాగుతుంది, తోక లేచేటప్పుడు తిరుగుతున్న ప్రొపెల్లర్ మళ్ళీ ఎడమకే తిప్పుతుంది. అన్నీ ఒకే వైపు. మందు రెండే: థ్రాటిల్‌ని మూడు నాలుగు సెకన్లు తీసుకుని నెమ్మదిగా పెంచడం, కుడి రడ్డర్ సిద్ధంగా ఉంచుకోవడం. ఒకేసారి తోసేస్తే రడ్డర్‌కి గాలి అందేలోపే తిరిగిపోతుంది. ఐలరాన్‌తో సరిచేయాలని చూడకండి. చక్రాలు ముందు వైపు కొంచెం లోపలికి తిరిగి ఉంటే సూటిగా పరిగెడుతుంది. ఇరుసు రెక్క ముందు అంచు కిందకి రావాలి. దానికంటే వెనక ఉంటే గడ్డిలో ముక్కు మీద బోర్లా పడుతుంది, మరీ ముందుంటే దిగినప్పుడు గెంతుతుంది.

కుడికి తిప్పితే ముక్కు ఎడమకి పోతోంది. రేడియో తప్పా?

రేడియో తప్పు కాదు, కబ్ గుణం. కుడికి వాలాలంటే ఎడమ ఐలరాన్ కిందికి దిగాలి. దిగినది ఎక్కువ గాలిని అడ్డుకుని ఆ రెక్కని వెనక్కి లాగుతుంది, ముక్కు ఎడమకి పోతుంది. ఐలరాన్ పైకి 14, కిందికి 7 పెట్టమన్నది ఇందుకే. మిగతాది రడ్డర్ తీరుస్తుంది: ఐలరాన్‌తో పాటే అదే వైపు రడ్డర్ కొంచెం. రేడియోలో మిక్స్ పెట్టుకుంటే మొదట్లో హాయిగా ఉంటుంది, కానీ గాలి పక్కనుంచి కొట్టినప్పుడు రెండూ విడిగా కావాలి. చేతికి నేర్పడమే మంచిది.

దిగేటప్పుడు గెంతుతోంది.

వేగం ఎక్కువ. చక్రాలు తగిలినప్పుడు రెక్కకి ఇంకా లేపే బలం ఉంది, తోక కిందికి పడగానే రెక్క కోణం పెరిగి మళ్ళీ లేస్తుంది. గెంతిన తర్వాత ఎలివేటర్ కిందికి తోయడం పెద్ద తప్పు, ప్రొపెల్లర్ నేలని తింటుంది. కొంచెం థ్రాటిల్ ఇచ్చి, ముక్కు సమంగా పట్టుకుని మళ్ళీ దిగనివ్వండి, లేదా లేచిపోయి ఇంకో చుట్టు వేయండి. మోకాలెత్తులో థ్రాటిల్ మూసి, నేల తగలకుండా ఎలివేటర్‌ని మెల్లగా లాగుతూ పోతే మూడు చక్రాలూ ఒకేసారి కూర్చుంటాయి. నేల తగిలాక ఎలివేటర్ పూర్తిగా లాగి పట్టుకోండి, లేకపోతే గడ్డి ముక్కు బోర్లిస్తుంది.

బ్యాటరీ ఉబ్బింది. వాడవచ్చా?

వద్దు. లిపో (లిథియం పాలిమర్) సెల్ నిండితే 4.2 వోల్టులు, ఎగిరేటప్పుడు 3.5 కిందికి పోనీయకండి, దాచేటప్పుడు 3.8 దగ్గర పెట్టండి. నింపి వారం వదిలేయడమే ఉబ్బడానికి మొదటి కారణం, ఎండలో తాళం వేసిన కారు రెండోది. 2200 బ్యాటరీకి చార్జింగ్ 2.2 ఆంపియర్లు చాలు, మనిషి పక్కనే ఉండాలి, మండేవి దగ్గర ఉండకూడదు, మట్టి కుండలో పెట్టడం చవకైన జాగ్రత్త. ఉబ్బినదాన్ని 12 వోల్టుల బల్బుతో ఆరుబయట పూర్తిగా ఖాళీ చేసి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

కూలిపోయింది. ఇప్పుడు?

మొదట థ్రాటిల్ సున్నా, తర్వాత బ్యాటరీ తీయడం. ముక్కలన్నీ, పుల్లలతో సహా, ఒక గోనె సంచిలో వేసుకోండి. విరిగిన అంచులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి, అలా అతికిస్తే కొత్త చెక్కకంటే సూటిగా వస్తుంది. తుడిచి గరుకు కాగితంతో రుద్దితే కూర్చోవు, కాబట్టి శుభ్రం చేయకండి. స్పార్ విరిగితే రెండు వైపులా అతుకు చెక్క, విరిగిన మందానికి పన్నెండింతల పొడవున. ఫైర్‌వాల్ దగ్గర సన్నటి గీత కనిపిస్తే కవరింగ్ చింపి చూడండి. మోటారు షాఫ్ట్ వేలితో తిప్పితే వంకరగా ఊగుతుంటే మార్చేయండి. బాగుచేశాక మళ్ళీ తూచి, సీజీ మళ్ళీ చూడండి. జిగురు ఎప్పుడూ అనుకున్నదానికంటే బరువే.